ఒక్క క్లిక్‌తో వంద పరీక్షలు!

'మా అబ్బాయి టెస్టింగ్‌లో ఉన్నాడు'... సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న తెలుగిళ్లలో తరచూ వినిపించే మాటే ఇది. హైదరాబాద్ అమీర్‌పేటలో ఒకప్పుడు ఏ గోడ చూసినా 'టెస్టింగ్ టూల్స్' కోర్సుల బోర్డులే ఉండేవి. విన్‌రన్నర్, క్యూటీపీ అంటూ రోజుకో బ్యాచి మొదలయ్యేది. ఆ తర్వాత సెలీనియం వచ్చింది. అయితే ఈ టెస్టింగంతా ప్రోగ్రామ్ తయారయ్యాక వేరే ఉద్యోగులు కూర్చుని దాన్ని అటూ ఇటూ నొక్కి చూసే పని. దీనికి ముందే ఇంకో పరీక్ష ఉంటుంది. అది ప్రోగ్రామ్ రాసేవాళ్లే, రాస్తున్న చోటే, రాస్తున్నప్పుడే పెట్టుకునే పరీక్ష. దాని పేరు యూనిట్ టెస్ట్. ఇప్పుడు దాన్ని నడపడానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. రాస్తున్న తెర మీదే ఓ చిన్న బొమ్మ నొక్కితే చాలు. ఆకుపచ్చ టిక్కు పడిందా, ముందుకెళ్లొచ్చు. ఎర్ర గుర్తు వచ్చిందా, ఆగి చూసుకోవాల్సిందే.

వినడానికి చిన్న సదుపాయమే. కానీ దీని వెనక ఓ విమాన ప్రయాణం ఉంది. ఓ ప్లగిన్ కోసం న్యాయవాదుల దాకా వెళ్లిన గొడవ ఉంది. పరీక్ష చేయకపోవడం వల్ల గాల్లోనే ముక్కలైన రాకెట్టూ ఉంది.

ఒక్క మెతుకు చాలదు!

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసిపోతుందంటారు పెద్దవాళ్లు. కుండలో ఉన్నవన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి అది నిజమే. సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం ఆ సూత్రం పనిచేయదు. అక్కడ ప్రతి మెతుకూ వేరుగా ఉడుకుతుంది. ఒకటి బాగుందంటే పక్కది కూడా బాగుంటుందన్న హామీ లేదు. అందుకే ప్రోగ్రామ్‌ను వీలైనన్ని చిన్న చిన్న భాగాలుగా చేసి, ఒక్కోదాన్నీ విడిగా పరీక్షిస్తారు. ఆ చిన్న భాగమే యూనిట్.

ఓ ఉదాహరణ చూద్దాం. బస్సు టికెట్ ధర లెక్కగట్టే ప్రోగ్రామ్ రాయాలి. పూర్తి చార్జీ వంద రూపాయలు. అయిదేళ్లు నిండని పిల్లలకు ఉచితం. అయిదు నిండి, పన్నెండు నిండనివాళ్లకు సగం. అరవై నిండిన పెద్దవాళ్లకు పాతిక శాతం రాయితీ. మిగతావాళ్లందరికీ పూర్తి చార్జీ. ఇవీ నిబంధనలు అనుకుందాం.

ప్రోగ్రామ్ రాసిన కుర్రాడు దాన్ని నడిపి చూస్తాడు. మూడేళ్ల పాప అని కొడితే సున్నా వచ్చింది. ఎనిమిదేళ్లంటే 50, ముప్ఫై ఏళ్లంటే 100, అరవై అయిదంటే 75 వచ్చాయి. అంతా బాగానే ఉందనుకుని పంపించేస్తాడు. మరి సరిగ్గా అయిదేళ్లు నిండిన పిల్లాడి సంగతేంటి? 'అయిదు, అంతకన్నా ఎక్కువ' అని రాయాల్సిన చోట పొరపాటున 'అయిదు కన్నా ఎక్కువ' అని రాశాడనుకోండి. ఆ పిల్లాడు ఉచితం కిందకూ రాడు, సగం కిందకూ రాడు. నేరుగా పూర్తి చార్జీలో పడిపోతాడు. పుట్టినరోజు నాడు బస్సెక్కిన బుడతడికి వంద రూపాయల టికెట్టు! కండక్టరు తప్పు కాదు, ప్రయాణికుడి తప్పు కాదు. ఎక్కడో గదిలో కూర్చున్న ఒకరు ఒక్క 'సమానం' గుర్తు మరిచిపోయారు, అంతే.

ఇలాంటి తప్పులు ఎక్కువగా దాక్కునేది హద్దుల దగ్గరే. సరిగ్గా 5, సరిగ్గా 12, సరిగ్గా 60... అందుకే అనుభవమున్న ప్రోగ్రామర్లు మధ్యలోని వయసుల కన్నా ముందు వీటినే పరీక్షిస్తారు. ఒక్కో పరీక్షలో ఉండేది మూడే మెట్లు. ఒకటి, కావలసిన వివరాలు సిద్ధం చేయడం (వయసు 5, చార్జీ 100). రెండు, ఆ యూనిట్‌ను పనిచేయించడం. మూడు, వచ్చిన జవాబును రావలసిన జవాబుతో పోల్చడం. 'రావలసింది 50, వచ్చింది 100' అని తేడా కనపడగానే కంప్యూటర్ ఎర్రజెండా ఎగరేస్తుంది. ఈ మూడూ కలిపి నాలుగైదు వరుసలకు మించవు.

ఒకసారి రాసి పెట్టుకుంటే ఆ పరీక్షలు ఎన్నేళ్లయినా ఉంటాయి. అసలు లాభం అక్కడే ఉంది. ఆర్నెల్ల తర్వాత పెద్దవాళ్ల రాయితీ వయసు మార్చాలని ఆదేశం వస్తుంది. ఇంకెవరో కొత్త ప్రోగ్రామర్ వచ్చి ఆ ఒక్క ముక్కా మారుస్తాడు. ఆ మార్చడంలో పిల్లల సగం టికెట్టుకు దెబ్బ తగులుతుంది. అతనికి ఆ సంగతి తెలీదు. పాత పరీక్షలకు మాత్రం తెలుసు! అన్నిటినీ మళ్లీ ఓసారి నడిపితే చెడిందెక్కడో వెంటనే చెప్పేస్తాయి. ఒకటి బాగుచేయబోతే మరోటి పాడవటం సాఫ్ట్‌వేర్‌లో రోజూ జరిగేదే. దానికి కాపలా ఈ పరీక్షలే.

విమానంలో పుట్టింది!

యూనిట్ పరీక్షల ఆలోచన పాతదే. కానీ అందరూ వాడేలా ఓ పద్ధతి పెట్టిన పేరు ఇద్దరిది. ఒకరు అమెరికాకు చెందిన కెంట్ బెక్. 'స్మాల్‌టాక్' అనే కంప్యూటర్ భాషలో పరీక్షలు రాసుకోవడానికి 1990ల మధ్యనాటికే ఓ చిన్న ఏర్పాటు చేసుకున్నాడాయన. దాని పేరు 'ఎస్‌యూనిట్'. రెండో వ్యక్తి స్విట్జర్లాండ్‌కు చెందిన ఎరిక్ గామా. సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద 1994లో వచ్చిన ప్రసిద్ధ పుస్తకం 'డిజైన్ ప్యాటర్న్స్' రాసిన నలుగురిలో ఒకరు.

1997లో ఈ ఇద్దరూ జూరిక్ నుంచి అట్లాంటాలో జరిగే ఓ సదస్సుకు ఒకే విమానంలో బయల్దేరారు. అట్లాంటిక్ సముద్రం దాటే సుదీర్ఘ ప్రయాణం. అప్పటికి జావా భాష కొత్తగా ఊపందుకుంటోంది. బెక్‌కు జావా నేర్చుకోవాలనుంది. గామాకు బెక్ పరీక్షల పద్ధతి ఏంటో చూడాలనుంది. పక్కపక్కన కూర్చుని, ఒకే ల్యాప్‌టాప్ ముందేసుకుని ఇద్దరూ కలిసి రాయడం మొదలుపెట్టారు. అలా రూపుదిద్దుకుందే 'జేయూనిట్'. పరీక్షలన్నీ గట్టెక్కితే తెర మీద ఆకుపచ్చ పట్టీ, ఒక్కటి తప్పినా ఎర్ర పట్టీ. మార్కులూ శాతాలూ లేవు. నూటికి నూరు వస్తేనే పాసు!

ఆ నమూనా చూసి మిగతా భాషలవాళ్లూ తమ తమ రూపాలు తయారుచేసుకున్నారు. డాట్‌నెట్‌కు 'ఎన్‌యూనిట్', పీహెచ్‌పీకి 'పీహెచ్‌పీ యూనిట్', సీ ప్లస్ ప్లస్‌కు 'సీపీపీ యూనిట్' వచ్చాయి. పైథాన్ భాష అయితే 2001లో వచ్చిన 2.1 రూపం నుంచీ 'యూనిట్‌టెస్ట్'ను తనలోనే కలిపేసుకుంది.

చేతికందే దూరంలో...

పరీక్షలు రాయడం నేర్చుకున్నారు సరే, నడపడమెలా? మొదట్లో అదో తతంగం. ప్రోగ్రామ్ రాసే తెర ఒకటి. పరీక్షలు నడపాలంటే దాన్ని వదిలేసి నల్లటి కమాండ్ తెర తెరవాలి. ఆదేశం టైపు చేయాలి. బారులు తీరి వచ్చే వరుసల్లో తప్పెక్కడుందో వెతుక్కోవాలి. ఫైలు పేరూ, వరుస సంఖ్యా గుర్తుపెట్టుకుని మళ్లీ మొదటి తెరకు రావాలి. ఇంత చేసేసరికి ఏం రాస్తున్నామో, ఎక్కడ ఆగామో మరిచిపోవడం ఖాయం. దాంతో చాలామంది 'సాయంత్రం చూద్దాంలే' అనేవాళ్లు. సాయంత్రం కాస్తా వారాంతమయ్యేది. ఆ వారంలో రాసిన వందల వరుసల్లో తప్పు ఎక్కడ దూరిందో వెతకడం గడ్డివాములో సూది కోసం వెతికినట్టే.

గోడ కట్టే మేస్త్రీని గమనించండి. దారానికి గుండు కట్టి పక్కనే పెట్టుకుంటాడు. రెండు వరుసలు పేర్చగానే దాన్ని వేలాడదీసి నిలువు చూసుకుంటాడు. వంకర ఉంటే అప్పుడే తట్టి సరిచేస్తాడు. అదే ఆ గుండు ఇంటి దగ్గర పెట్టొస్తే? గోడంతా లేచాకగానీ ఒరిగిందని తెలీదు. ప్రోగ్రామర్ల విషయంలో ఆ గుండును చేతికందించింది ప్లగినే.

ప్లగిన్ అంటే మరేం కాదు. మిక్సీ కొన్నాక చట్నీకో జారు, జ్యూసుకో జారు తగిలించుకుంటాం కదా, అలాంటిదే. ప్రోగ్రామ్ రాసుకునే సాధనాన్ని ఎడిటర్ అంటారు. దానికి కొత్త పని నేర్పడానికి తగిలించే చిన్న ప్రోగ్రామే ప్లగిన్. ఐబీఎం సంస్థ 2001లో అందరికీ ఉచితంగా ఇచ్చిన 'ఎక్లిప్స్' అనే ఎడిటర్ మొత్తం ఇలాంటి ప్లగిన్లతోనే నిర్మితమైంది. అందులో జావాకు సంబంధించిన పనికి సారథి ఎవరో తెలుసా? విమానంలో జేయూనిట్ రాసిన ఎరిక్ గామానే! అందుకే ఆకుపచ్చ, ఎర్ర పట్టీలు ఎక్లిప్స్‌లో తొలి రోజుల్లోనే చోటు సంపాదించుకున్నాయి. పరీక్ష తప్పిందని చూపే వరుస మీద రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు, ఆ తప్పున్న చోటు ఎదురుగా తెరుచుకునేది.

ఓ ప్లగిన్... ఓ పేచీ!

మైక్రోసాఫ్ట్ ఎడిటర్ 'విజువల్ స్టూడియో' వాడేవాళ్లకు ఆ సౌకర్యం ఇచ్చిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జేమీ కాన్స్‌డేల్. బ్రిటన్‌కు చెందిన ఈ ప్రోగ్రామర్ 'టెస్ట్‌డ్రివెన్ డాట్‌నెట్' అనే ప్లగిన్ రాశాడు. పరీక్ష మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'రన్ టెస్ట్' అంటే సరిపోయేది. డాట్‌నెట్ ప్రోగ్రామర్లు దాన్ని ఇష్టంగా వాడుకున్నారు.

చిక్కల్లా ఒక్కచోటే వచ్చింది. విద్యార్థులు, అభిరుచితో రాసేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ అప్పట్లో 'ఎక్స్‌ప్రెస్' పేరుతో విజువల్ స్టూడియోను ఉచితంగా ఇచ్చేది. డబ్బు పెట్టి కొనే రూపాలకే ప్లగిన్లు తగిలించుకోవచ్చని, ఉచిత రూపానికి కుదరదని ఆ సంస్థ విధానం. కాన్స్‌డేల్ ప్లగిన్ మాత్రం ఎక్స్‌ప్రెస్‌లోనూ పనిచేసింది. అది లైసెన్సు షరతులకు విరుద్ధమని సంస్థ, తాను చేసిందాంట్లో తప్పులేదని కాన్స్‌డేల్. 2007 నాటికి వ్యవహారం న్యాయవాదుల లేఖల దాకా వెళ్లింది. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలను ఆయన బయటపెట్టడంతో ప్రోగ్రామర్ల లోకంలో పెద్ద చర్చే జరిగింది. పరీక్షలు నడుపుకునే సౌకర్యం డబ్బున్నవాళ్లకేనా, నేర్చుకునేవాళ్లకు అక్కర్లేదా అన్నది ఒక వాదన. ఉచితంగా ఇచ్చేవారికి హద్దులు గీసుకునే హక్కు ఉండదా అన్నది మరో వాదన.

కాలమే ఆ పేచీని అర్థం లేకుండా చేసింది. 2014 నవంబరులో మైక్రోసాఫ్ట్ 'విజువల్ స్టూడియో కమ్యూనిటీ'ని ప్రకటించింది. విద్యార్థులకూ, విడిగా పనిచేసుకునే ప్రోగ్రామర్లకూ అది ఉచితం. పైగా ప్లగిన్లు ఎన్నైనా తగిలించుకోవచ్చు! ఆ మరుసటి ఏడాది, అంటే 2015 ఏప్రిల్‌లో, ఏ కంప్యూటర్‌లోనైనా తేలిగ్గా నడిచే 'విజువల్ స్టూడియో కోడ్' వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల అప్పటికి ఆ సంస్థ పగ్గాలు చేపట్టి ఏడాది దాటింది. ఈ కొత్త ఎడిటర్ తయారుచేసిన బృందానికి నాయకుడు మళ్లీ ఎరిక్ గామానే. 2011లో ఆయన మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. పరీక్షల సాధనం రాసిన చెయ్యే, పరీక్షలు నడిపే రెండు పెద్ద ఎడిటర్లనూ నడిపించిందన్నమాట.

నొక్కాక ఏం జరుగుతుంది?

తెర మీద ఓ పక్కన ప్రయోగశాలలో వాడే గాజు కుప్పె బొమ్మ ఉంటుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో పరీక్షల విభాగానికి గుర్తు అదే. దాన్ని నొక్కితే పరీక్షలన్నీ చెట్టు కొమ్మల్లా విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కోదాని పక్కన చిన్న త్రికోణం ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పరీక్ష ఒక్కటే నడుస్తుంది. పైనున్నది నొక్కితే అన్నీ నడుస్తాయి.

ఈలోగా తెర వెనక నాలుగు పనులు జరుగుతాయి. మొదటిది వెతుకులాట. ఫైళ్లన్నీ గాలించి వాటిలో పరీక్షలేవో ప్లగిన్ కనిపెడుతుంది. పైథాన్‌లో 'పైటెస్ట్' వాడేవాళ్లు ఫైలు పేరునీ, పరీక్ష పేరునీ 'టెస్ట్' అన్న మాటతో మొదలుపెట్టేది అందుకే. ఇక రెండోది, పరీక్షల్ని నడపడం. ఇది ఎడిటర్ లోపల జరగదు. వేరే ప్రక్రియగా పక్కన మొదలవుతుంది. పరీక్ష ఎక్కడైనా చిక్కుకుపోయి ఆగిపోయినా, కుప్పకూలినా ఎడిటర్ చెక్కుచెదరదు. మూడోది ఫలితాలు సేకరించడం. ఏది నెగ్గింది, ఏది తప్పింది, ఎంతసేపు పట్టింది అన్నవి ఒక్కొక్కటే ప్లగిన్‌కు చేరతాయి. నాలుగోది, వాటిని సరైన వరుస పక్కన అతికించడం. తప్పిన పరీక్ష దగ్గరే 'రావలసింది ఇది, వచ్చింది ఇది' అని రాసి చూపిస్తుంది.

మంచి యూనిట్ పరీక్ష సెకనులో చిన్న ముక్కలోనే ముగుస్తుంది కాబట్టి, వంద పరీక్షలున్నా కాఫీ కప్పు ఎత్తి దించేలోపు జవాబు వచ్చేస్తుంది. కారణం తెలియకపోతే 'డీబగ్' నొక్కొచ్చు. అప్పుడు ప్రోగ్రామ్ ఒక్కో అడుగూ వేస్తూ ఆగుతుంది. బస్సు టికెట్ ఉదాహరణలో 'వయసు 5' అన్న విలువ ఏ మలుపు దగ్గర దారితప్పి పూర్తి చార్జీలోకి పోయిందో కళ్లారా చూడొచ్చు.

అసలు నొక్కడమూ ఎందుకు, రాస్తుంటే వాటంతటవే నడవొచ్చు కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు డేవిడ్ సాఫ్, మైఖేల్ ఎర్న్‌స్ట్ అలాంటి ప్లగిన్ తయారుచేశారు. ప్రోగ్రామర్ రాసుకుపోతుంటే పరీక్షలు వెనక నడుస్తూనే ఉంటాయి. విద్యార్థుల మీద ప్రయోగించి చూసి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఆ సాయం లేనివాళ్లతో పోలిస్తే, ఉన్నవాళ్లు గడువులోగా పని సరిగ్గా ముగించే అవకాశం మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. విద్యార్థుల హోంవర్కు మీద చేసిన ప్రయోగమే అయినా, తప్పు తెలిసే సమయం తగ్గితే పని ఎంత తేలికవుతుందో అది చెప్పింది. విజువల్ స్టూడియో 2017లో ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ రూపానికి 'లైవ్ యూనిట్ టెస్టింగ్' పేరుతో ఇలాంటి సౌకర్యమే చేర్చారు. టైపు చేస్తుంటే ప్రతి వరుస పక్కనా టిక్కు గుర్తో, ఎర్ర గుర్తో వచ్చేస్తుంది.

నలభై సెకన్ల కథ

ఇంత చిన్న విషయానికి ఇంత హడావుడా అనుకునేవాళ్లు 1996 జూన్ 4న జరిగింది తెలుసుకోవాలి. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో కౌరూ ప్రయోగ కేంద్రం. ఐరోపా దేశాలు ఏళ్ల తరబడి శ్రమించి తయారుచేసిన 'ఏరియాన్-5' రాకెట్ తొలిసారి నింగికెగిరింది. భూమి అయస్కాంత క్షేత్రం మీద సూర్యుడి ప్రభావాన్ని పరిశీలించే నాలుగు 'క్లస్టర్' ఉపగ్రహాలు అందులో ఉన్నాయి. దాదాపు 40 సెకన్లు గడిచాయి. 3,700 మీటర్ల ఎత్తులో రాకెట్ ఉన్నట్టుండి దారితప్పి, ముక్కలై పేలిపోయింది.

ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త జాక్ లూయీ లియోన్స్ నాయకత్వంలో విచారణ జరిగింది. కారణం యంత్రాల్లో లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఉంది. రాకెట్ దిశను చెప్పే ప్రోగ్రామ్‌ను అంతకుముందున్న ఏరియాన్-4 నుంచి తీసుకున్నారు. అందులో ఓ పెద్ద సంఖ్యను 16 బిట్ల చిన్న గడిలో కుదించి పెట్టే వరుస ఉంది. ఆ గడిలో 32,767కు మించిన సంఖ్య పట్టదు. ఏరియాన్-4 వేగానికి ఆ సంఖ్య ఎప్పుడూ హద్దు దాటలేదు. ఏరియాన్-5 పక్కకు కదిలే వేగం అంతకన్నా చాలా ఎక్కువ. సంఖ్య హద్దు దాటింది. కంప్యూటర్ చేతులెత్తేసింది. దానికి తోడుగా పెట్టిన రెండో కంప్యూటర్‌లోనూ అదే ప్రోగ్రామ్ ఉంది కాబట్టి అదీ అలాగే ఆగిపోయింది. ఇంకో విచిత్రమేంటంటే, ఏరియాన్-5 నేల విడిచాక ఆ లెక్కతో అసలు పనే లేదు!

ఏరియాన్-5 ప్రయాణ మార్గపు అంకెలతో ఆ పరికరాన్ని ముందే పరీక్షించి చూడలేదని విచారణ సంఘం తేల్చింది. పాతది బాగానే పనిచేసింది కదా అన్న ధీమా అంత పని చేసింది. అయిదేళ్ల పిల్లాడి టికెట్టుకూ, ఏరియాన్-5 రాకెట్టుకూ తేడా డబ్బులోనే. తప్పు రెండుచోట్లా హద్దు దగ్గరే ఉంది.

ఆకుపచ్చ అంటే 'అంతా బాగు' కాదు

అలాగని టిక్కులన్నీ ఆకుపచ్చగా ఉంటే గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చా? కుదరదు. పరీక్ష రాసినవాళ్లు దేని గురించి అడిగారో దానికే అది జవాబు చెబుతుంది. అడగని ప్రశ్న గురించి ఏమీ చెప్పదు. ప్రశ్నపత్రమే తప్పుగా ఉంటే నూటికి నూరు వచ్చి ఏం లాభం?

ఏ భాగానికా భాగం సరిగ్గా ఉన్నా కలిపేటప్పుడు తేడా రావచ్చు. 1999 సెప్టెంబరు 23న నాసా వాళ్ల 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' అంగారకుడి దగ్గరికి చేరి కూడా చేజారిపోయింది. భూమ్మీదున్న ఓ ప్రోగ్రామ్ ఇంజిన్ల తోపుడు బలాన్ని బ్రిటిష్ కొలతల్లో పౌండ్లలో లెక్కగట్టింది. దాన్ని అందుకున్న ప్రోగ్రామ్ ఆ అంకెల్ని మెట్రిక్ కొలత న్యూటన్లు అనుకుంది. రెండింటికీ నాలుగు రెట్లకు పైగా తేడా. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే. మధ్యలో మాట కుదర్లేదు. అందుకే యూనిట్ పరీక్షల తర్వాత భాగాలన్నీ కలిపి చేసే పరీక్షలూ, ఆపైన మనుషులు చేసే పరీక్షలూ తప్పనిసరి. అమీర్‌పేటలో నేర్పే టెస్టింగ్‌కు విలువ తగ్గదన్నమాట.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. 'టికెట్ లెక్క రాయి' అంటే క్షణాల్లో ప్రోగ్రామ్ రాసిస్తోంది, దానికి పరీక్షలూ అదే రాసిస్తోంది. పని తొందరగా అవుతున్న మాట నిజమే. కానీ నిబంధనను అది తప్పుగా అర్థం చేసుకుంటే ప్రోగ్రామూ తప్పే, పరీక్షా తప్పే. రెండూ ఒకదానికొకటి వత్తాసు పలికి ఆకుపచ్చ టిక్కు చూపిస్తాయి! 'అయిదేళ్లు నిండిన రోజున ఎంత తీసుకోవాలి?' అన్న ప్రశ్నకు జవాబు మనిషే చెప్పాలి. రావలసిన జవాబు తెలిసినవాళ్లు పరీక్ష రాస్తేనే దానికి అర్థం.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కొన్ని పరీక్షలు ఒకసారి నెగ్గుతాయి, ఇంకోసారి తప్పుతాయి. ఇంటర్నెట్ మీదో, గడియారం మీదో ఆధారపడేలా రాయడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. వాటిని అలాగే వదిలేస్తే ఎర్ర గుర్తు చూసినా 'ఆ, అదెప్పుడూ అంతేలే' అనడం అలవాటవుతుంది. నిజంగా తప్పు జరిగిన రోజున కూడా అలాగే అనేస్తారు. అందుకే అలాంటి పరీక్షను వెంటనే బాగుచేయాలి, లేదంటే తీసేయాలి.

విద్యార్థులు మొదలుపెట్టాలంటే...

* పైథాన్, విజువల్ స్టూడియో కోడ్ రెండూ ఉచితమే. ఇన్‌స్టాల్ చేసుకున్నాక ఎడిటర్‌లోని 'ఎక్స్‌టెన్షన్స్' విభాగంలో 'పైథాన్' అని వెతికి మైక్రోసాఫ్ట్ వారి ప్లగిన్ తగిలించుకోవాలి.

* గాజు కుప్పె బొమ్మ నొక్కి 'కాన్ఫిగర్ పైథాన్ టెస్ట్స్' ఎంచుకోవాలి. 'యూనిట్‌టెస్ట్' పైథాన్‌తోపాటే వస్తుంది. 'పైటెస్ట్' కావాలంటే విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. తర్వాత పరీక్షలున్న ఫోల్డరు చూపించాలి.

* ఓ చిన్న లెక్కతో మొదలుపెట్టండి. మార్కుల గ్రేడు, కరెంటు బిల్లు శ్లాబు, బస్సు టికెట్... హద్దులున్న లెక్క ఏదైనా మంచిదే.

* మొదట పరీక్ష రాసి, అది ఎర్రగా రావడం చూసి, ఆ తర్వాత ప్రోగ్రామ్ రాసి ఆకుపచ్చ చేయడం కెంట్ బెక్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఒక్కసారైనా ఎర్రగా రాని పరీక్షను నమ్మకూడదు. అది అసలు ఏమీ పరీక్షించకపోయి ఉండొచ్చు.

* ఎప్పుడైనా తప్పు దొరికితే ముందు దాన్ని పట్టించే పరీక్ష రాయండి, తర్వాతే సరిచేయండి. ఆ తప్పు మళ్లీ వస్తే అదే పట్టిస్తుంది.

* జావా వాళ్లకు 'టెస్ట్ రన్నర్ ఫర్ జావా', జావాస్క్రిప్ట్ వాళ్లకు 'జెస్ట్' ప్లగిన్లు ఉన్నాయి. పేర్లు వేరైనా రంగులు అవే!

పాతికేళ్ల కిందట పరీక్ష నడపడం ఓ పని. ఇప్పుడది వేలితో చేసే చిన్న కదలిక. అంత తేలికయ్యాక కూడా 'తర్వాత చూద్దాంలే' అనడానికి సాకు దొరకదు. టికెట్టు మిషన్లూ, బ్యాంకు లెక్కలూ, ఆసుపత్రి పరికరాలూ అన్నీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్న రోజులివి. ఎక్కడో ఒక ప్రోగ్రామర్ ఎర్ర గుర్తు చూసి ఆగితే, ఇంకెక్కడో ఓ కుటుంబానికి ఓ ఇబ్బంది తప్పుతుంది. ఆ సంగతి ఇద్దరికీ ఎప్పటికీ తెలియకపోవచ్చు. బాగా చేసిన పనికి అదే గుర్తు!